పైభాగం కత్తిరించిన కాగితం

కర్ణాటకలో కాలవ కింద తెలుగు రైతులం స్థిరపడ్డ మా క్యాంపులో ఎవరి పిల్లలకు అప్లికేషన్ పెట్టాలన్నా సిరవార బస్టాండు దగ్గరున్న జెరాక్స్ కొట్టుకే వెళతాం. కొట్టాయనే ఫారం నింపుతాడు, ఫొటో ఎక్కిస్తాడు, తన ఈమెయిల్ అడ్రసునే అందరికీ పెడతాడు. వరి పండించుకునే మాకు ఈమెయిల్‌తో పనేముంది? ఏదైనా మెయిల్ వస్తే ఆయనే ప్రింటు తీసి, ఎవరిది వాళ్ళకు చేరేలా చూస్తాడు. ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఎవరికీ నష్టం జరగలేదు కాబట్టి ఎవరమూ దాని గురించి ఆలోచించలేదు.

మా అమ్మాయి వ్యవసాయ డిగ్రీకి పెట్టిన ఏడాది కూడా అంతే. ఫోన్ నంబరు ఒక్కటి మాత్రం నాది వేయమన్నాను. నేను ట్రాక్టర్లవాళ్ళకూ కోత మిషన్లవాళ్ళకూ గంటల లెక్కలు రాస్తాను. ఒకరి దగ్గర నేర్చుకున్నది కాదు, చేస్తూ చేస్తూ పట్టుబడింది. ఆ పనిలో పడ్డాక ఏ నంబరైనా నా చేతిలోనే ఉండాలనే అలవాటు వచ్చింది. అందుకే నాది వేయించాను. అంతకు మించిన ముందుచూపేమీ లేదు.

కావలసిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరసగా పెట్టుకునే గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. పొద్దున పాలవ్యాను అతను, కొట్టాయన ఇమ్మన్నాడంటూ ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. ఇంగ్లీషులో ఉంది. మొదట రాజముద్ర, దాని కింద నల్లటి అక్షరాలు. మీ స్థానిక ధ్రువపత్రం మీద సందేహం వచ్చింది, ఈ రోజే మళ్ళీ నిర్ధారించకపోతే సీటుకు అర్హత రద్దవుతుంది అని దాని సారాంశం. అడుగున నీలం రంగులో 'ఇక్కడ నొక్కండి' అని ఉంది. కాగితం మీద నొక్కేదేముంది? నేను దాన్ని మెయిల్ అనుకోనే లేదు. చేతిలో పట్టుకునేసరికి అది నాకు నోటీసయిపోయింది.

ఈ భయం బయటివాళ్ళకు అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. మా వైపు జిల్లాల పిల్లలకు కాలేజీ సీట్లలో ప్రత్యేకంగా కొంత వాటా ఉంది. అది దక్కాలంటే మేం ఇక్కడివాళ్ళమేనని సర్కారు ఇచ్చిన పత్రం ఉండాలి. మా నాన్న కాలవ నీళ్ళు వచ్చిన కొత్తలో గోదావరి వైపు నుంచి వచ్చి ఈ నల్లరేగడి కొన్నాడు. నేను ఇక్కడే పుట్టాను. మా అమ్మాయి ఇక్కడే పుట్టి కన్నడ బడిలో చదివింది. అయినా కచేరీలో ఏ గుమాస్తా అయినా మా ఇంటిపేరు చదివి తలెత్తితే నా నోరు ఎండిపోతుంది. 'మీరు ఆంధ్రావాళ్ళు కదా' అంటాడేమోనని. చాలామంది అనరు. అనకపోయినా నేను ఆ మాట కోసం కాచుకునే ఉంటాను. ఆ కాగితం సరిగ్గా ఆ చోటే తాకింది.

"మళ్ళీ అడిగారా?" అంది మా ఆవిడ. ఎవరు, ఏమిటి అని ఆమె కూడా అడగలేదు. అటక మీది ట్రంకుపెట్టె దించింది.

మధ్యాహ్నందాకా మేం ముగ్గురం మమ్మల్ని మేము నిరూపించుకునే పనిలో పడ్డాం. మా నాన్న పేరున ఉన్న పొలం కాగితాలు, నీటి తీరువా రసీదులు, నా బడి సర్టిఫికెట్, అమ్మాయి పుట్టిన ఆసుపత్రి చీటీ. మధ్యలో ఒకసారి నా కళ్ళు ఆ కాగితం మీద ఆగాయి. అందులో ఎక్కడా మా పత్రం నంబరు లేదు, అమ్మాయి పేరూ లేదు, 'అభ్యర్థికి' అని మాత్రమే ఉంది. కచేరీవాళ్ళు తుమ్మినా దానికో నంబరు వేస్తారు. వింతగా అనిపించింది. కానీ తప్పు మాదేనేమో అని భయపడేవాడికి ఎదుటివాడి తప్పు పట్టే ధైర్యం ఎక్కడిది? కాగితాలు సర్దుకోవడంలో పడిపోయాను.

అమ్మాయి ఏమీ తినలేదు. బండెక్కుతూ, "రద్దయితే మళ్ళీ ఏడాది ఆగాలా నాన్నా?" అని అడిగింది.

"అంతవరకూ రానివ్వనులే," అన్నాను. నిజానికి ఏ సంగతీ నాకు తెలియదు.

కొట్టాయన మమ్మల్ని చూసి నవ్వాడు. ఆయనది పాత రాయచూరు కుటుంబం, మాటంతా ఆ వైపుదే. "ఏందన్నా, తాలూకాఫీసంతా సంచిల ఏసుకొచ్చినవా? ఫికర్ చెయ్యకు. మీకెందుకు తకలీఫని నేనే లింకు తెరిచి నింపుతున్న. అప్లికేషన్ నంబరు, పుట్టిన తారీఖు నా దగ్గర ఉండె గద, ఏసేసిన. ఇగ ఓటీపీ ఒక్కటే. నీ ఫోన్‌కే వస్తది, చెప్పు."

తెర మీద అదే రాజముద్ర. పక్కన ఎర్ర అంకెలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. నా జేబులో ఫోన్ గుర్రుమంది.

"వచ్చింది నాన్నా, చెప్పెయ్యి. టైమైపోతోంది," అంది అమ్మాయి. ఆమె చెయ్యి నా మోచేతిని పట్టుకుని ఉంది. చల్లగా ఉంది.

ఫోన్ తీసి కళ్ళజోడు పెట్టుకున్నాను. అంకెలు మెసేజ్ మొదట్లోనే ఉన్నాయి, చదివెయ్యడానికి ఎంతసేపు? కానీ ఏ అంకె కనిపించినా అది దేనిదో చూడకుండా నోట రాదు నాకు. పనిలో పడ్డ గుణం. మిగతా వాక్యం కూడబలుక్కున్నాను. మీ లాగిన్ పాస్‌వర్డ్ మార్చడానికి ఈ సంఖ్య, దీన్ని ఎవరికీ చెప్పవద్దు అని ఉంది. ఇంకోసారి చదివాను. ధ్రువపత్రం ఊసే లేదు.

"పాస్‌వర్డ్ మార్చమని మనం అడగలేదు కదా," అన్నాను.

"గవన్నీ ఒకటేనన్నా. చెప్పు, టైం ఐపోతుంది."

"మనం అడగలేదు. మరి ఎవరు అడిగారు?"

ఆయన ముఖం మారింది. "నా మీద యకీన్ లేదా ఏంది? నీ అన్న పిల్లల కాగితాలు గూడ నేనే చేసిన."

నిజమే, ఆయనే చేశాడు. ఆ మాటకు తలొంచుకుని చెప్పేసేవాణ్ణే. ఒకవైపు ఆయన మొహం, ఒకవైపు తగ్గుతున్న అంకెలు, మోచేతి మీద అమ్మాయి చెయ్యి. చెప్పకపోతే సీటు పోతుందేమో. చెబితే లాగిన్ పోతుందేమో. లాగిన్ ఎవరి చేతిలో ఉంటే కాలేజీల వరస వాళ్ళ చేతిలో ఉన్నట్టే. వాళ్ళు ఆ కాలేజీలన్నీ తీసేసినా సాయంత్రం తర్వాత మేం చేయగలిగేది ఏమీ లేదు. ఫోన్ తిప్పి బల్ల మీద బోర్లించాను. ఎర్ర అంకెలు సున్నాకు చేరి ఆగిపోయాయి. అమ్మాయి ఏడవలేదు, కుర్చీలో కూలబడింది.

"ఆ మెయిల్ ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? పైన ఉంటుంది కదా, చూపించండి," అని అడిగాను.

"పైన నా అడ్రస్ వస్తదని ఎప్పుడూ కత్తిరిస్త. అందరికీ ఎందుకు తెల్వాలె?" అంటూనే ఆయన మెయిల్ తెరిచాడు. పంపినవాళ్ళ పేరున్న చోట ప్రవేశాల కార్యాలయం అనే ఉంది. పేరు మీద బాణం పెడితే అసలు అడ్రసు బయటపడింది. పొడవుగా, అర్థంలేని అక్షరాలతో, సర్కారు అడ్రసుల చివర ఉండే ముక్క లేకుండా. కొట్టాయన కత్తెరకు పోయిన భాగం అదే. మిగిలిన భాగాన్ని పట్టుకునే మేం పొద్దుననుంచీ వణికాం.

"ఇందులోనూ ఫోన్ నంబరుంది నాన్నా, చేసి కనుక్కుందామా?" అంది అమ్మాయి.

"దొంగ ఇచ్చిన నంబరైతే దొంగే ఎత్తుతాడు."

అప్లికేషన్‌తో పాటు వచ్చిన సమాచార పుస్తకం సంచిలో ఉంది. దాని వెనక అట్ట మీది సహాయకేంద్రం నంబరుకు చేశాను. ఎంతకీ ఖాళీ లేదు. పెట్టేసి మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి ఒకావిడ ఎత్తి కన్నడంలో విసుగ్గా మాట్లాడింది, కానీ చెప్పవలసినదంతా చెప్పింది. అలాంటి మెయిల్ తాము పంపలేదంది. మీ పత్రం ఎప్పుడో ఆమోదించాం, లింకులేవీ ముట్టుకోకుండా పుస్తకంలో ఉన్న అడ్రసు మీరే టైపు చేసి చూసుకోండి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి అంది.

అమ్మాయి టైపు చేస్తుంటే నేను పుస్తకంలో వేలు పెట్టి ఒక్కో అక్షరం సరిచూశాను. లాగిన్ తెరుచుకుంది. పత్రం ఆమోదం. కాలేజీల వరస మేం పెట్టినది పెట్టినట్టే, మొదట రాయచూరు. పాస్‌వర్డ్ మార్చి, అమ్మాయి పేరున కొత్త మెయిల్ తెరిపించి, అప్లికేషన్‌లో కొట్టాయన అడ్రసు బదులు అది పెట్టించాం.

కొట్టాయన తన మెయిల్ మళ్ళీ తెరిచి పాత మెయిళ్ళు ఒక్కొక్కటే చూస్తూ పోయాడు. ఒకచోట ఆగి, "మల్లట్ ఊరి పిల్లకు గూడ గిదే వచ్చింది. పొద్దుగాల వాళ్ళ నాయనకు ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పిండు. నింపేసిన," అన్నాడు.

ఆ పిల్ల లాగిన్ ప్రయత్నించాం. పాస్‌వర్డ్ తప్పు అంది తెర. కొట్టాయన వేళ్ళు కీబోర్డు మీదే ఉండిపోయాయి. చెప్పి ఉంటే మా తెర కూడా ఇదే. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి, అసలు పత్రాలు పట్టుకుని పిల్లతో సహా రాయచూరు సహాయకేంద్రానికి పరుగెత్తమన్నాను. కొట్టాయన షట్టరు దించి తనే వాళ్ళ వెంట వెళ్ళాడు. కార్యాలయం మూసేలోపు లాగిన్ వెనక్కి వచ్చిందట. వరస మాత్రం ఖాళీగా ఉందట. గుర్తున్నవి గుర్తున్నట్టు మళ్ళీ పెట్టారు.

ఆ తర్వాత ఆయన మెయిల్ పైభాగం కత్తిరించడం మానేశాడు. చాలామందికి సొంత మెయిల్ తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డ్ మీరే కొట్టండంటూ తల పక్కకు తిప్పుకుంటాడు. నాతో మాట మునుపటంత చనువుగా లేదు.

సీట్ల కేటాయింపు రోజు అమ్మాయి కొత్త మెయిల్‌కు ఒక మెయిల్ వచ్చింది. అదే రాజముద్ర, అదే నీలం అక్షరాలు. పంపినవాళ్ళ అడ్రసు సరిగ్గానే ఉంది. అయినా ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం. అమ్మాయి వేలు తెర దగ్గరదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"వద్దులే," అని ఫోన్ పక్కన పెట్టి సమాచార పుస్తకం తెచ్చింది. తను ఒక్కో అక్షరం కొట్టింది, నేను ఒక్కోటీ పైకి చదివాను. పేజీ తెరుచుకోవడానికి కాస్త సమయం పట్టింది. సీటు వచ్చింది, రాయచూరులోనే, తను కోరిన కోర్సే.

"ఇది మనవాళ్ళదేనా? మళ్ళీ ఆ దొంగలది కాదు కదా?" అంది మా ఆవిడ, తెరకు దూరంగా నిలబడే.

పైన ఉన్న అడ్రసు మరోసారి చివరిదాకా చదివి, అవునన్నాను. ఆమె దగ్గరకు వచ్చి చూసింది.