హీరోని ఏడిపించిన వెల్డా కేకు

ఒరిన్ పికెట్ చేతిలో ఎప్పుడూ ఒక పిచికారీ ఉండేది. పిచికారీ నిండా కిరసనాయిలు.

హాలీవుడ్ స్టూడియోలో విందు సీను తీస్తే బల్ల మీద కాల్చిన కోళ్లూ, పళ్లూ, కేకులూ పేర్చడం ఒరిన్ పని. అసలే కరువు రోజులు. అతిథుల వేషాలు కట్టిన వాళ్లు పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో ఉండేవారు. డైరెక్టరు గొంతు సవరించుకునే లోపు కోళ్లు ఎముకలైపోయేవి. అందుకే హీరో హీరోయిన్లు తినే పళ్లెం ఒక్కటీ వదిలి, మిగిలిన వాటన్నిటి మీదా ఒరిన్ కిరసనాయిలు చల్లేవాడు. అయినా ఒకసారి, మహారాజు వేషం కట్టిన ముసలాయన అలాంటి కోడిని ఎముకలతో సహా నమిలేసి, "ఉప్పు కాస్త తగ్గిందోయ్" అన్నాడట. తర్వాత వారం రోజులు ఆయన్ని ఎవరూ చుట్ట ముట్టించుకోనివ్వలేదు.

ఒరిన్‌ది నెబ్రాస్కా. దుమ్ము తుఫాను వాళ్ల మొక్కజొన్న పొలాన్ని ఎత్తుకుపోతే, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరి కాలిఫోర్నియాలో తేలాడని స్టూడియోలో చెప్పుకునేవారు. పొలం దొరకలేదు గాని వెల్డా దొరికింది. ఆమె కుట్టుగదిలో సినిమా దుస్తులకు గుండీలు కుట్టేది. చర్చిలో పెళ్లి చేసుకుని, ఒక లాండ్రీ మీద ఒంటి గదిలో కాపురం పెట్టారు. కింద ఇస్త్రీలు నడుస్తున్నంతసేపూ పైన చెప్పుల్లేకుండా నిలబడడం ఎవరి తరమూ కాదు. పిల్లి కూడా మంచం మీదే నివసించేది.

పెళ్లయిన మొదటి ఆదివారం వెల్డా కేకు చేసింది. ఒరిన్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. సబ్బు, సున్నం, పాత తాళంచెవి కలిపి ఉడకబెట్టినట్టు ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదురుగా కొత్త పెళ్లికూతురు ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఇలాంటి కేకు నా జన్మలో తినలేదు, వెల్డా" అన్నాడు. అది అబద్ధం కాదు కూడా.

"నిజంగా? నచ్చిందా?"

"నచ్చడమేమిటి! ఇంకో ముక్క పెట్టు."

ఆ రెండో ముక్కతో అతని బతుకు ఖాయమైపోయింది. అప్పటి నుంచి రోజూ భోజనం డబ్బాలో కేకు ముక్క ఉండాల్సిందే. ఆమె మనసు విరిచేయడం ఇష్టం లేక రోజూ మింగేవాడు. ఒకనాడు స్టూడియో గుర్రానికి పెట్టి చూశాడు. అది వాసన చూసి, అతని వంక జాలిగా చూసిందట.

అలా ఉండగా స్టూడియోలో పేద కొత్తజంట కన్నీటి కథ ఒకటి మొదలైంది. అందులో పెళ్లికూతురు మొదటిసారి కేకు చేస్తుంది. అది ఘోరంగా ఉంటుంది. భర్త ఆమె కోసం బాగుందంటూ తింటాడు, కళ్లు మాత్రం చెమరుస్తాయి. స్క్రిప్టు చదివి ఒరిన్ ఎక్కడివాడక్కడ కూలబడ్డాడు.

హీరో పేరు రాండల్ ఫే. మనిషి అందగాడే, కానీ తిండిపోతు. బేకరీ నుంచి తెప్పించిన కేకు నోట్లో పడగానే ముఖం చంటిపిల్లాడి ముఖంలా వెలిగిపోయింది.

"కట్!" అని అరిచాడు డైరెక్టరు హార్గ్రోవ్. "బాబూ రాండల్, నువ్వు ఏడవాలయ్యా, వేళ్లు నాకడం కాదు!"

"అంత రుచిగా ఉంటే ఏడుపెలా వస్తుంది సార్?"

ఇంకో కేకు తెమ్మన్నారు. ఒరిన్ పరధ్యానంగా, అలవాటు కొద్దీ, మిగిలిన కేకులన్నిటి మీదా సుబ్బరంగా కిరసనాయిలు కొట్టేశాడు. వాసన తగిలాక గాని ఏం చేశాడో అర్థం కాలేదు.

"పికెట్! కేకేదీ? లైట్లు మండుతున్నాయి!"

ఒరిన్‌కి వేరే దారి కనపడలేదు. భోజనం డబ్బా తెరిచి వెల్డా చేసిన ముక్క పళ్లెంలో పెట్టాడు.

రాండల్ కొరికాడు. గడ్డం వణికింది. ఎడమ కంటి నుంచి ఒక బొట్టు, కుడి కంటి నుంచి ఒక బొట్టు, ఆ పైన ధార. "ఎంత... బాగుందో" అన్నాడు బొంగురు గొంతుతో. లైట్లు పట్టుకున్న వాళ్లు ముక్కులు చీదారు. హార్గ్రోవ్ టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు.

కట్ చెప్పగానే రాండల్ ఒరిన్ చొక్కా పట్టుకున్నాడు. "నిజం చెప్పు, నాకు కిరసనాయిలు కేకు పెట్టావు కదూ?"

"లేదు సార్. అది మా ఆవిడ చేసింది."

రాండల్ చొక్కా వదిలేసి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. "రోజూ తింటావా?... దేవుడు నీకు తోడుండాలి, తమ్ముడూ."

ముఖం దగ్గరగా చూపించే షాటు మర్నాటికి పెట్టారు. అదే కేకు కావాలన్నాడు హార్గ్రోవ్. ఒరిన్ ఇంటికెళ్లి, సినిమా కోసం కేకు చేయమని మాత్రం చెప్పాడు. వెల్డా మురిసిపోయి, ఆ రోజుకి భోజనం డబ్బాలోకి వేరే కేకు చేయడం మానేసి, ఆ ఒక్క కేకు మీదే కూర్చుంది.

మర్నాడు ఆ కేకు కొరికి రాండల్ కళ్లు మూసుకున్నాడు. తెరిచాక ముఖంలో స్వర్గం కనిపించింది. "ఇంత మంచి కేకు మా అమ్మ కూడా చేయలేదు!" అంటూ పళ్లెం తుడిచేశాడు.

హార్గ్రోవ్ టోపీ నేలకేసి కొట్టాడు. "నాకు నిన్నటి కేకు కావాలి పికెట్! రేపు అది రాకపోతే నువ్వూ రానక్కర్లేదు!"

ఇక ఒరిన్ పరిస్థితి చూడండి. కేకు తేకపోతే ఉద్యోగం పోతుంది. తేవాలంటే వెల్డాకి నిజం చెప్పాలి. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుందేమో గాని, ఆమె ముఖం చిన్నబోతే చూడడం అతని వల్ల కాదు. సాయంత్రం వేడి నేల మీద కాళ్లు మార్చి మార్చి నిలబడి, నసుగుతూ మొదలెట్టాడు.

"వెల్డా... నాకు రోజూ చేస్తావే, ఆ కేకు చేసిపెట్టవూ?"

"ఇవాళ్టిది బాలేదా?"

"చాలా బావుంది. అదే వచ్చిన గొడవ." చెమట తుడుచుకున్నాడు. "వాళ్లకి... బాగోని కేకు కావాలట."

వెల్డా గరిటె కింద పెట్టింది. "అంటే నాది బాగోదని నీకు తెలుసా?"

"మొదటి ముద్దకే తెలిసింది. నన్ను క్షమించు."

"మరి ఎందుకు తిన్నావు మహానుభావా?"

"నువ్వు అలా చూస్తుంటే... ఎలా ఉమ్మేయను?"

వెల్డా మంచం మీద, పిల్లి పక్కన, కూలబడింది. "ఆ మొదటి ఆదివారం వంటసోడా డబ్బా చెయ్యి జారి పిండిలో బోర్లాపడింది. ఇంకో కేకు చేయడానికి పిండి లేదు. నువ్వు ఉమ్మేస్తావు, ఇద్దరం నవ్వుకుంటాం అనుకున్నా. నువ్వేమో ఇంకో ముక్క అడిగావు! పాపం, నెబ్రాస్కాలో అందరూ ఇలాగే తింటారేమో అనుకున్నా. నీ కోసం రోజూ డబ్బాడు సోడా కొలిచి మరీ పోస్తున్నా. సోడా వాసనకి నాకు తలనొప్పి!"

"అయితే ఇవాళ్టి కేకు?"

"అది నేను చేసే కేకు! రోజూ నువ్వు తినేది నీ కేకు!"

ఇక ఇద్దరూ, లాండ్రీ వాళ్లు కింద నుంచి కర్రతో పైకప్పు పొడిచేదాకా నవ్వారు.

వెల్డా ఆఖరిసారిగా డబ్బాడు సోడా పోసింది. రాండల్ కళ్లు మళ్లీ ధారలు కట్టాయి. సినిమా వచ్చినప్పుడు ఆ సీను దగ్గర హాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. వెనక వరసలో మాత్రం ఒక జంట పొట్టలు పట్టుకుని విరగబడి నవ్వుతుంటే, టార్చిలైటు వాడొచ్చి ఇద్దరినీ బయటికి నడిపించాడు. "మీకు గుండెలున్నాయా అసలు?" అని తిట్టాడు కూడా.

ఆ తర్వాత ఒరిన్ బతుకంతా మంచి కేకులే తిన్నాడు. కాకపోతే ముసలివాడయ్యాక, వెల్డా అటు తిరిగినప్పుడు, తన ముక్క మీద చిటికెడు సోడా చల్లుకునేవాడు. అది లేకపోతే ఏదో వెలితిగా ఉండేదట.