ఆమోస్ టీటర్ కొట్లో కిరసనాయిలు

ఆమోస్ టీటర్ కిరసనాయిలు కొలిచేటప్పుడు వాకిలికి వీపు పెట్టడు. ఒక కన్ను ధార మీద, ఒక కన్ను వీధి మీద వేసి పోస్తాడు. అందుకే గల్లాపెట్టె కింద నేలంతా జిడ్డు. పిరికివాడని తేల్చెయ్యడం సులువే. కానీ అమెరికాలో ఈ ఒహాయో రాష్ట్రమంతటా చిల్లరకొట్ల వాళ్లందరికీ ఇప్పుడు ఇదే చూపు. దేశంలోని దీపాలన్నిటికీ ఒకే కంపెనీ నూనె పోస్తున్నప్పుడు, బావమరిది లెమ్యుయెల్ సొంత బట్టీలో కాచి తీసిన కిరసనాయిలు అమ్మడమంటే దొంగసారా అమ్మినంత పని.

నిన్న కంపెనీ ఏజెంటు వచ్చాడు. తెల్లని కాలరు, మెత్తని గొంతు. అడక్కుండానే బిస్కట్ల పీపాలో చెయ్యి పెట్టి ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"మంగళవారం రైల్లో మీకు రెండు పీపాల నూనె దిగిందటగా, టీటర్ గారూ? స్టేషన్లో గుమాస్తా మాకు కావలసినవాడులెండి."

"అది... మా ఆవిడ తమ్ముడు పంపిందండీ."

"అయ్యో, తప్పేముంది! మేమే మీ ఎదుటి కొట్టు అద్దెకు మాట్లాడుతున్నాం. నూనె సగం ధరకే ఇద్దామని. పంచదార, కాఫీ గింజలు కూడా." బిస్కట్టు కరకరలాడుతోందని మెచ్చుకుని మరీ వెళ్లాడు.

ఇవాళ లెమ్యుయెల్ నవ్వుతూ దిగాడు. "ఏం బావా, దెయ్యాన్ని చూసినట్టున్నావు? వచ్చే వారం మూడు పీపాలు పంపనా? నువ్వు కూడా వద్దంటే నా బట్టీ ఆరినట్టే."

ఆమోస్ అతన్ని రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాడు. "నీ నూనె నాకొద్దు! మళ్లీ ఈ గడప తొక్కావంటే ఊరుకోను!"

వినడానికి వీధిలో కుక్క కూడా లేదు. అయినా ఆమోస్ ఎదుటి కొట్టు వైపు తిరిగి ఇంకోసారి, ఇంకా గట్టిగా అరిచాడు.