మెంబరన్న బల్ల చరిచిన చప్పుడు

మెంబరన్న పోయిన సంగతి నాకు చేనేత సంఘం దుకాణంలో తెలిసింది. నూలు కోసం పోయి నిలబడి ఉన్నాను. తూకం వేసే ఆయన తక్కెడ కింద పెట్టి, "అక్కా, మీ అన్న పొద్దుగాల హైదరాబాదు దవాఖానల పానం ఇడిసిండట" అన్నాడు. నూలు తీసుకొనే ఇంటికి వచ్చాను. దారిలో ఆడవాళ్లు నన్ను పట్టుకొని ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు.

ఇప్పుడు సంఘం వాళ్లు ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్ను కూడా రాయమన్నారు. నేను రెండో తరగతి చదివినదాన్ని. ఆయన జైలుకు పోయిన సంగతి, ఊరికి రోడ్డు తెచ్చిన సంగతి తెలిసినవాళ్లు రాస్తారు. నాకూ ఆయనకూ నడుమ జరిగింది నేను రాస్తాను. అది చదవడానికి మంచిగా ఉండకపోవచ్చు.

ఆయనది కేతేపల్లి. నా పుట్టినిల్లూ అదే, ఒక్కటే వాడ. రక్తసంబంధం లేదు గాని వరసకు అన్న. నా కొడుక్కి మేనమామ వరస. నన్ను నకిరేకల్‌కు ఇచ్చారు. ఓట్లలో గెలిచి ఢిల్లీ సభకు పోయినప్పటి నుంచి ఊరంతా ఆయన్ని మెంబరు అన్నది. నేను మెంబరన్న అన్నాను.

ఢిల్లీ నుంచి వస్తే మా ఇంటికి రాకుండా పోయేవాడు కాదు. మేము వీధిలో పడుగు నూలు చాచి గంజి పట్టిస్తూ ఉంటే ఖద్దరు చొక్కా విప్పి అరుగు మీద పడేసి కుంచె అందుకునేవాడు. మా ఇంటాయన ఊరుకునేవాడా.

"బావా, కుర్సీల మీద కూసుండి కూసుండి నీకు నడుం వంగుతలేదు. జర పక్కకు జరుగు, గంజి ఆరిపోతాంది."

"అక్కడ వంగేటోళ్లు శానమంది ఉన్నరు బావా. వంగనోడు ఒక్కడన్న ఉండాలెనని గద మీరు నన్ను పంపింది."

కుంచె ఆడుతూనే ఉండేది, నోరు ఆడుతూనే ఉండేది. వీధి వీధంతా వినేది. లోకంలో రెండు పెద్ద జట్లు ఉన్నాయనీ, మనం ఏ జట్టులోనూ చేరమనీ చెప్పేవాడు. నల్లవాళ్ల దేశాలు ఇప్పుడిప్పుడే దొరల చేతిలోంచి బయటపడుతున్నాయి, వాటిని మళ్లీ మింగాలని చూస్తున్నారు, అక్కడ కొట్లాట అయితే మన సిపాయీలు పోయి నడుమ నిలబడాలి అనేవాడు. ఆయన రాజకీయమంతా ఆ ఒక్క మాటే. నడుమ నిలబడాలి.

"నడుమ నిలబడ్డోనికే గదన్నా రెండు దిక్కుల దెబ్బలు పడేది" అన్నాను ఒకసారి.

"పడ్తయి చెల్లె. అయినా ఒకడు నిలబడాలె."

ఆ ఒకడు ఎవరి ఇంటివాడో అప్పుడు నాకు తెలియదు. ఆయనకూ తెలియదు.

నూలు దొరకని కాలం వచ్చింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని ఊరికే కూర్చోవడం చేతగాక నా కొడుకు పటాలంలో చేరాడు. వాడికి మంచి ఎత్తు. మగ్గం గదిలో దూలం తగిలేది. కొన్నాళ్లకు వాళ్ల పటాలాన్ని కాంగో దేశానికి పంపుతారని తెలిసింది. పోయే ముందు సెలవు మీద వచ్చాడు. అదే వారంలో మెంబరన్న నకిరేకల్ అంగడి దగ్గర సభ పెట్టి, మైకు ముందు నన్ను నిలబెట్టి మెడలో పూలదండ వేశాడు. ఈ తల్లి కొడుకు ప్రపంచ శాంతి కోసం పోతున్నాడని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక ఇంట్లో అన్నం తింటూ నా కొడుకు అడిగాడు.

"మామా, అక్కడ మనం ఎవరి దిక్కు?"

"ఎవరి దిక్కు గాదురా. నడుమ."

"నడుమ అంటే ఎటు మొకం చేసి నిలబడాలె మామా?"

అందరం నవ్వాం. మెంబరన్నకు నవ్వుతో పొలమారితే నేనే నీళ్లు ఇచ్చాను. పిల్లవాడు ఒక్కడే నవ్వలేదు, జవాబు కోసం చూస్తున్నాడు. మెంబరన్నకు నేను చాలా వాటికి మాఫీ ఇచ్చాను. ఆ నవ్వుకు ఇప్పటికీ ఇవ్వలేదు.

వానాకాలం పోకముందే పటాలం నుంచి తారు, అదే టెలిగ్రాం, వచ్చింది.

మరునాడు మెంబరన్న బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. భుజం మీద కొత్త బట్ట ఉంది. మా కులంలో మనిషి పోతే మేనమామ తెచ్చిన బట్ట ముందు కప్పాలి. అంగట్లో కొన్నది పనికిరాదు. మగ్గం మీద ఎంత నేసి ఉంటే అంత కోసి తేవాలి. ఆయన తన అన్న మగ్గం మీది బట్ట కోయించి తెచ్చాడు. కోసిన పోగులు అంచున వేలాడుతున్నాయి. వాకిట్లోకి వచ్చి, చావింట్లో ఎప్పుడూ శవాన్ని పండబెట్టే జాగా వైపు చూశాడు. అక్కడ నేల ఉంది, అంతే. నా కొడుకును ఆ దేశంలోనే పూడ్చిపెట్టారు.

"ఎవరి మీద కప్పుతవన్నా?" అన్నాను.

ఆయన బట్ట వైపు చూసుకున్నాడు. "తారు సంగతి ఇనంగనే కోయమన్న చెల్లె. శవం లేదన్న సంగతే యాదికి రాలే" అన్నాడు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు. కింద కూర్చున్నాడు.

"నా కొడుకును అక్కడికి పంపుమని ఎవరన్నరు?"

"పెద్దలు."

"నిన్నడిగిన్రా?"

"చెప్పిన్రు."

"చెప్పుడు వేరే, అడుగుడు వేరే. చెప్పినప్పుడు నువ్వేమన్నవ్?"

భుజం మీది బట్ట తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, "అందరం బల్లలు చరిచినం చెల్లె. అక్కడ ఒప్పుకున్నమంటే గట్ల చరుస్తరు" అన్నాడు.

"ఎట్ల చరిచినవో చూపియ్."

"గిదేం మాట చెల్లె."

"చూపియ్ అన్నా. నా కొడుకు పోయిన చప్పుడు నేను విననే లేదు. గిదన్న వింట."

ఆయన చెయ్యి ఎత్తి మంచం పట్టె మీద ఒకసారి కొట్టాడు. మెల్లగానే కొట్టాడు. మా ఇంటాయన లేచి మగ్గం గదిలోకి పోయాడు. మెంబరన్న బట్ట చుట్టుకొని, వచ్చిన దారినే పోయాడు.

ఆ తర్వాత ఆయన సభలో లేచి మాట్లాడాడు. పేపరులో ఒక మూలకు వేశారు, సంఘంలో చదివి వినిపించారు. పరాయి దేశానికి సైన్యాన్ని పంపే ముందు సభను అడగాలి, ఎందుకు పోతున్నారో, ఎన్నాళ్లు ఉంటారో, ఎట్లా వెనక్కు తెస్తారో చెప్పాలి, చెప్పనిదే నా చెయ్యి బల్ల మీద పడదు అన్నాడట. అప్పుడు ఎవరైనా బల్ల చరిచారా అని నేను తర్వాత అడిగాను. "ఒక్కడు గూడ చరవలే" అని నవ్వాడు. ఆ నవ్వు వేరే.

ఆయన పార్టీ వాళ్లకు కోపం వచ్చింది. నకిరేకల్ అంగట్లో పల్లీల వ్యాపారి ఒకడు నేను వినేటట్టే అన్నాడు, "మన మెంబరు సాబుకు కాంగో మీద సలహాలు మగ్గాల వాడకట్టు ఆడోళ్లు ఇస్తున్నరట" అని. ఇంకొకడు, "గందుకే గద, సాబు మాటలు గిట్ల పోగులు పోగులు తెగుతున్నయి" అన్నాడు. మళ్లీ ఓట్లు వచ్చినప్పుడు ఆయనకు టికెట్ ఇయ్యలేదు. చొక్కా విప్పి మళ్లీ మా వీధి పడుగు దగ్గరికి వచ్చాడు. ఈసారి నడుం నిజంగానే వంగలేదు, వయసు వచ్చింది. మా ఇంటాయన కుంచె చేతికి ఇయ్యలేదు. పీట వేసి కూర్చోబెట్టాడు.

ఇంత చేశాడు కదా, ఇంకేం కావాలి నీకు అని మీరు అడగవచ్చు. నాకు ఒక్క మాట కావాలి. నీ కొడుకు పోవలసింది కాదు అని ఆయన నోటితో ఒక్కసారి అనాలి. ఎన్నోసార్లు అడిగాను. అనలేదు.

ఆఖరుకు దవాఖానలో కూడా అడిగాను. మనిషి మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. గొంతు మాత్రం మంచిగానే ఉంది.

"అడగకుంట పంపుడు తప్పు చెల్లె. అది సభల అన్న, సచ్చేదాక అంట. గని పోవుడే తప్పంటే, వాడు నిలబడ్డ ఊర్ల జనం బతికిన్రు. నీ మనసు నిమ్మలం చేయనీకి అబద్ధం ఆడలేను."

"బతికినోళ్ల తల్లులకు చెప్పుకో పో" అన్నాను. పోయొస్త అని కూడా అనకుండా లేచి వచ్చాను. దానికి నాకేమీ బాధ లేదు. ఆయన తన మాట మీద పోయాడు, నేను నా మాట మీద ఉన్నాను.

అయినా ఒకటి రాయాలి. ఆనాడు బల్ల చరిచినవాళ్లు ఎంతమందో. అందులో ఒక తల్లి ఇంటికి వచ్చి, నేల మీద కూర్చొని, ఇట్లా చరిచాను అని చూపించినవాడు ఈయన ఒక్కడే. మిగిలినవాళ్లను తిట్టుకుందామంటే నాకు వాళ్ల మొహాలు తెలియవు. కోపం చేయడానికి నాకు ఒక్క మనిషి దొరికాడు. ఇప్పుడు ఆయనా లేడు.

కేతేపల్లిలో ఆయన్ని మట్టి చేశాక నేనూ మా ఇంటాయనా బస్సు కోసం పెద్ద రోడ్డు మీద నిలబడ్డాం. మిలిట్రీ లారీలు వరసగా ఆగి ఉన్నాయి. వెనుక కూర్చున్న పిల్లల మొహాల నిండా దుమ్ము. ఒకడు వంగి, "అమ్మా, నీళ్లున్నయా" అని మన మాటలోనే అడిగాడు. పక్కనున్న హోటల్‌లో చెంబు అడిగి నీళ్లు తెచ్చాను. వాడు సీసా పట్టుకున్నాడు, నేను పోస్తున్నాను.

"ఏడికి పోతున్రు బిడ్డా?"

"తెల్వదమ్మా. ఇంక చెప్పలే."

సీసా నిండి నీళ్లు వాడి చేతుల మీది నుంచి రోడ్డు మీద పడుతున్నాయి. "సాలమ్మా, సాలు" అంటున్నాడు వాడు. నేను పోస్తూనే ఉన్నాను.