ఆది మాస్టరూ, నా వెడల్పు ప్యాంటూ

ఆ రోజుల్లో ఫోన్‌లో వీడియోలు పెట్టేవాళ్లకు అన్నీ తెలుసనీ, మా అమ్మకు మాత్రం ఏమీ తెలియదనీ నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.) నాన్న ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో మూడో అంతస్తు వాటాలో స్థిరపడ్డాం. ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పే ఒక చిన్న సంస్థలో నేను ట్రైనీగా చేరి ఆరు నెలలైంది. ఆ శుక్రవారం అందరి ముందూ నిలబడి డెమో క్లాసు చెప్పాలి. బాగుందంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. పాఠమంతా నాకు కంఠతా వచ్చు. దిగులల్లా నా పొట్టితనం గురించే. నువ్వు నిలబడినా కూర్చున్నట్టే ఉంటావే అని మా పెదనాన్న కూతురు ఎప్పుడూ ఏడిపించేది. అందుకని పొడుగ్గా కనిపిస్తానన్న ఆశతో నల్లటి పలాజో ప్యాంటు ఒకటి కొన్నాను. ఒక్కో కాలులో నాలాంటివాళ్లు ఇద్దరు దూరేంత వెడల్పు దానిది.

చిక్కంతా దాని మీదకి ఏం వేయాలన్న దగ్గర వచ్చింది. మోకాళ్లు దాటే నా మామూలు టాప్ వేస్తే షామియానాకు తలకాయ మొలిచినట్టుంది. నాన్న చొక్కా తొడిగి లోపలికి దోపుకుంటే నడుం చుట్టూ దిండు కట్టుకున్నట్టు ఉబ్బింది. వీడియోలో అమ్మాయేమో, ముందు మీ శరీరం ఆపిల్ పండో పియర్ పండో తేల్చుకోండి, ఆ తర్వాతే టాప్ అంది. నేను అద్దం ముందు అటు తిరిగీ ఇటు తిరిగీ ఏ పండో తేలక సతమతమవుతుంటే అమ్మ గుమ్మంలోంచి, "ఎందుకే అంత అవస్థ? బోయిన్‌పల్లి మార్కెట్టుకి పద, వాళ్లే చెప్తారు" అంది. అక్కడ అమ్మేది కూరగాయలు కదమ్మా అన్నాను. "నువ్వు సొరకాయవేమో, ఎవరు చూశారు? ఏ కాయవైనా పైబట్ట మాత్రం మోకాళ్లు దాటాల్సిందే" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక లాభం లేదని నీలం కాటన్ గుడ్డ ఒకటి పట్టుకుని మా వీధి చివర దర్జీ దగ్గరికి పరుగెత్తాను. ఆయన్ని అందరం ఆది మాస్టర్ అనేవాళ్లం. ఒంటికి సరిపోయే పాత బట్ట ఒకటి ఆదిగా ఇస్తే దాన్ని చూసి కుట్టడమే తప్ప, మనిషికి టేపు పెట్టి కొలవడం ఆయన ఇంటా వంటా లేదు. కాలేజీ రోజుల నాటి టాప్ ఆదిగా ఇచ్చి, "ఇలాగే కుట్టండి మాస్టర్, కాకపోతే నడుం దాకా చాలు" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "నడుం దాంకనా? అమ్మకు ఎరుకనా? నువ్వు అమ్మను తోలుకరా బిడ్డా, అప్పుడు కత్తెర పెడ్త. రేపు నాకు తక్లీఫ్ గావొద్దు" అన్నారు. అమ్మను తీసుకెళ్లడం కన్నా షామియానాయే నయమనిపించి, "సరే, ఆదిలో ఎలా ఉంటే అలాగే కుట్టేయండి" అనేసి వచ్చాను.

అక్కడే కొంప మునిగింది. ఆ పాత టాప్ ఎడమ చెయ్యి ఒకప్పుడు ఇస్త్రీపెట్టె కింద కాలిపోతే, అమ్మ దాన్ని మోచేతి దాకా కత్తిరించి మడిచి కుట్టింది. ఇంట్లో వేసుకుని వేసుకుని ఆ సంగతే మరిచిపోయాను. గురువారం సాయంత్రం చేతికొచ్చిన కొత్త టాప్‌కి కుడి చెయ్యి మణికట్టు దాకా, ఎడమ చెయ్యి మోచేతి దాకా ఉన్నాయి! ఇదేంటి మాస్టర్ అని లబోదిబోమంటే, ఆయన రెండింటినీ పక్కపక్కన పరిచి, "చూస్కో, జెరంత ఫరక్ ఉన్నదా? ఆది లెక్కనే కుట్టుమంటివి, కుట్టిన. గిది కొత్త ఫ్యాషనేమో అనుకున్న. పరేషాన్ గాకు, ఐతారం దాంక సరిచేసి ఇస్త" అన్నారు. ఆయన ఆదివారం దాకా అంటున్నారు, నా క్లాసేమో మర్నాడు పొద్దున పదింటికి.

ఇంటికొచ్చి మంచం మీద పడి ఏడ్చాను. ఉద్యోగం పోయినట్టే అనిపించింది. అమ్మ ఆ టాప్‌నీ నన్నూ పలాజోనీ కాసేపు చూసి, "చిన్నప్పుడు పరికిణీ మీద ఏం వేసుకునేదానివే?" అని అడిగింది.

"జాకెట్టు."

"ఎందాకా ఉండేది?"

"నడుం దాకా."

"మరి ఇది రెండు కాళ్ల పరికిణీయేగా! కింద ఇంత వెడల్పుంటే పైన ఒంటికి పట్టినట్టు, పొట్టిగా ఉండాలి. ఈ మాత్రం దానికి పళ్లూ కాయలూ దేనికి?"

"మోకాళ్లు దాటాలన్నావుగా?"

"నువ్విలా ఏడుస్తుంటే నాకు మోకాళ్లు ముఖ్యమా? లే, మొహం కడుక్కో" అంటూ కత్తెర తీసింది. పొడుగు చెయ్యి మోచేతి దగ్గర తెగింది, అంచు నడుం కింద నాలుగు వేళ్లు వదిలి తెగింది, రెండు పక్కలా కుట్లు బిగిశాయి. అన్నం వేళకల్లా అద్దంలో నాకు బారెడు కాళ్లు మొలిచాయి. అమ్మ మురిసిపోయింది కానీ, వెనక అంచు పట్టుకుని కిందికి లాగడం మాత్రం మానలేదు.

శుక్రవారం పదింటికి ఆ ప్యాంటుతోనే అందరి ముందూ నిలబడ్డాను. మొదట్లో నేనూ అంచు లాక్కుంటూనే మాట్లాడాను. ఇంతలో చివరి వరుసలో ఒకాయన లేచి నిజంగానే తెలియక ఒక సందేహం అడిగాడు. ఆయనకి అర్థమయ్యేదాకా బోర్డు మీద రాసి రాసి చెప్పాను. క్లాసు అయ్యాక మా సంస్థ నడిపే మేడమ్ పక్కకి పిలిచి, ఉద్యోగం ఖాయమని చెప్పారు.

మెట్ల మీద నిలబడి అమ్మకి ఫోన్ చేశాను. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు సర్దుకుని, "అది సరే కానీ, బోర్డు మీద రాసేటప్పుడు చెయ్యి పైకెత్తితే వెనక నడుం కనిపించలేదు కదా?" అంది.

"లేదమ్మా" అన్నాను. ఏమో, కనిపించే ఉంటుంది. మునివేళ్ల మీద నిలబడి, బోర్డు పైఅంచు దాకా రాశాను. చూసుకోవాలన్న ధ్యాసే లేదు. అప్పటి నన్ను, ఆ పొట్టి పిల్లని, తలుచుకుంటే నాకిప్పటికీ ముద్దొస్తుంది.