సగం సీజన్లో ట్రయల్ చూసిన మాస్టారు

మా టైలరు మాస్టారు పోయారు. పోయిన నెలలో ఒక గురువారం నేను గన్నవరంలో ఆఫీసులో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న వెళ్ళిపోయారు అన్నయ్యా. సాయంత్రం నమాజు తర్వాత తీసుకెళ్తున్నారు. ఏదన్నా అయితే మీకు ముందు చెప్పమనేవారు" అంది. ఆ చివరి మాట విన్నాక నేను బస్సెక్కలేదు, ఆఫీసులోనే ఉండిపోయాను. ఎందుకు ఎక్కలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన్ని పొగడడానికి నాకంటే తగినవాళ్ళు భవానీపురంలో వందమంది ఉన్నారు.

తొంభైల మధ్యలో గుమాస్తా ఉద్యోగం వచ్చి పామర్రు నుంచి బెజవాడ చేరాను. భవానీపురంలో మా అద్దింటి ఎదురుగానే ఆయన కొట్టు. మెడలో టేపు ఆయన ఒంట్లో ఒక భాగం. మసీదు మెట్ల దాకా వెళ్ళాక గుర్తొచ్చి, తీసి జేబులో పెట్టుకునేవారు. మనిషిని చూడగానే నడుము కొలత చెప్పేసేవారు. "ఊరెళ్ళొచ్చావా బాబూ? మీ అమ్మగారి వంట అరంగుళం తెచ్చిపెట్టింది" అని నలుగురిలో అంటే నేను పొట్ట లోపలికి లాక్కునేవాణ్ణి.

కుర్రతనంలో ఆయన కలకత్తాలో నాలుగేళ్ళు కటింగ్ నేర్చుకున్నారు. పనితో పాటు అక్కడి ఒక ఫుట్‌బాల్ జట్టు మీద పిచ్చి కూడా అంటించుకుని వచ్చారు. వీధంతా క్రికెట్ స్కోరు అడుగుతుంటే, ఈయన ఇంగ్లీషు పేపర్లో ఆటల పేజీ అడుగున ఉండే నాలుగు లైన్ల కోసం వెతికించేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, చదివేది నేను. ఎప్పుడైనా టీవీలో మ్యాచ్ వస్తే ఇంట్లో టీవీ కొట్లోకి వచ్చేది. జట్టు గోలు తింటే ఆయన అరిచేవారు కాదు, తిట్టేవారు కాదు. గుడ్డ పెట్టకుండానే కాసేపు మిషను తొక్కేవారు.

ఏటా సీజన్ సగానికి రాగానే నాకు పిలుపొచ్చేది. కోటు కుట్టేవాళ్ళు ముందు కచ్చా కుట్లు వేసి, మనిషికి తొడిగి, ఎక్కడ బిగుతో ఎక్కడ వదులో చూసి, విప్పి మళ్ళీ కుడతారు. దాన్ని ట్రయల్ అంటారు. సగం సీజన్ కూడా అలాంటిదేనని ఆయన నమ్మకం. "ఇప్పుడే చెప్పాలి బాబూ. పక్కా కుట్టు పడ్డాక చెబితే ఎవరికి లాభం?" అనేవారు. ఆ చెప్పేదేదో ఉత్తరంగా రాసి కలకత్తాలో జట్టు ఆఫీసుకు పంపాలి. ఆయన చెబుతారు, నేను ఇంగ్లీషులో పెడతాను.

మొదటి ఏడాది చెప్పింది నాకింకా గుర్తుంది. "ముందు వరసలో గుడ్డ మంచిదే, కటింగే తప్పు. ఆ పొడుగబ్బాయి గోలు ముందు ఒంటరిగా నిలబడతన్నాడు, బంతి అందించేవాడేడీ? మధ్యలో ఇద్దరూ ఎడం పక్కకే పరిగెడతన్నారు, చొక్కాకి రెండు చేతులూ ఒక పక్కే కుట్టినట్టు. వెనక కుడి పక్క కాసే బ్యాకుని మధ్యకి తీసుకురండి, కుట్టు వదిలింది అక్కడే." పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే ఇదంతా చెప్పారు. చివర్లో, "అడ్రస్సు నీదే వెయ్యి. జవాబొస్తే చదవాల్సింది నువ్వేగా" అన్నారు.

తంటా అక్కడే వచ్చింది. కొత్త ఉద్యోగం, నా ఇంగ్లీషు మీద నాకే తెగ గొప్ప. కలకత్తాలో ఎవరో పెద్దమనిషి ఆ చొక్కా చేతులూ కుట్లూ చదివి, కింద నా పేరు చూసి నవ్వుకుంటాడని అనిపించింది. స్టాంపులంటించిన కవరును నాలుగు రోజులు బ్యాగులో తిప్పి, చివరికి బీరువా అడుగున దుప్పట్ల కింద పెట్టాను. పోస్టు చేశావా అంటే చేశానన్నాను. ఆయన మాట నా మాటగా కనబడుతుందని సిగ్గుపడ్డాను. ఇప్పుడు నేను పడుతున్న సిగ్గుతో పోలిస్తే అదసలు సిగ్గే కాదు.

మూడు వారాలకు పేపర్లో వచ్చింది. కుడి బ్యాకును మధ్యలో ఆడించారు, జట్టు గెలిచింది. నేను చదవడం పూర్తికాకముందే మాస్టారు లేచి వీధిలోకి వెళ్ళిపోయారు. "విన్నారండీ! మన బెజవాడ మాట విన్నారు!" అని పక్క కొట్లవాళ్ళందరికీ టీ చెప్పారు. "ఇంగ్లీషు మాత్రం ఈ బాబుగారిది" అని నన్ను చూపించారు. నేను టీ తాగాను. ఇంకో కప్పు ఇస్తే అదీ తాగాను.

ఆ తర్వాత నిజం చెప్పే దారి మూసుకుపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. ఏటా ఆయన చెప్పడం, నేను రాయడం, బీరువాలో పెట్టడం. ఏడాదికి ఒకటో రెండో మార్పులు ఆయన చెప్పినట్టే జరిగేవి. పదకొండుమంది ఆడే ఆటలో ఏదో ఒకటి కలవకుండా ఎలా ఉంటుంది? కలవనివాటికి "వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకుంటాయిలే" అని ఆయనే సర్దుకునేవారు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక సీజన్లో జట్టు వరసగా ఓడిపోతోంది. ఆ ఏడు మాస్టారు గోల్‌కీపరు దగ్గర చాలాసేపు ఆగారు. ఏళ్ళ తరబడి ఆడుతున్న మనిషి, ఆయనకు ప్రాణం. "అలిసిపోయాడు. నాలుగు మ్యాచీలు కూర్చోబెట్టండి, కుదుటపడ్డాక మళ్ళీ దించండి" అని రాయించారు. రెండు వారాల్లో కీపర్ని నిజంగానే పక్కన పెట్టారు. కొత్త కుర్రాడు గోలు మీద గోలు తిన్నాడు. సీజన్ చివర పాత కీపర్ని జట్టు వదిలేసిందని రెండు లైన్ల వార్త వచ్చింది. అదీ నేనే చదివి వినిపించాను.

మాస్టారు కళ్ళద్దాలు తీసి, కుడుతున్న గుడ్డ మీద పెట్టారు. "కూర్చోబెట్టమన్నాను గానీ తీసెయ్యమనలేదు బాబూ. ఒక మనిషి పొట్ట కొట్టాను" అన్నారు.

ఒక్క మాట చాలు. మీ ఉత్తరం అసలు వెళ్ళలేదు మాస్టారూ, ఇందులో మీ తప్పేమీ లేదు అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది. చెబితే ఆయన బాధ తీరుతుంది, నా బండారం బయటపడుతుంది. "మీరేం చేస్తారండీ, ఆటన్నాక ఇవన్నీ ఉంటాయి" అన్నాను.

ఆయన మళ్ళీ ట్రయల్ చూడలేదు. పేపరు తీసుకెళితే "వద్దులే బాబూ" అనేవారు. ఒకే ఒక్క ఉత్తరం రాయించారు, ఆ కీపరుకు. అందులో కుట్లూ కత్తెర్లూ లేవు. "నేను దూరంనించి చూసి ఉత్తరంలో తప్పు చెప్పాను. నన్ను మన్నించు. నీకు పిల్లలుంటే వాళ్ళక్కూడా నా మాటగా చెప్పు" అని ఉంది. అదీ నేను పోస్టు చెయ్యలేదు. చేస్తే ఆ మనిషి 'ఏ ఉత్తరం గురించి?' అని తిరిగి రాస్తాడని భయం.

తర్వాత గన్నవరం బదిలీ అయి అక్కడికి మకాం మార్చాను. భవానీపురంలో పనుండి వస్తే ఆయన కంట పడకుండా వెనక వీధిలోంచి వెళ్ళిన రోజులున్నాయి. కనబడితే మిషను ఆపేవారు. "ఆ కీపరబ్బాయి ఏమన్నా రాశాడా?" అనేవారు. ఇంకా లేదండీ అనేవాణ్ణి.

ఈ ఏడు ఆయన మంచం పట్టారు. చూడ్డానికి వెళితే దగ్గర కూర్చోమని అదే అడిగారు. ఆ గొంతు విని ఉండలేకపోయాను. "రాశాడు మాస్టారూ. మీ మీద కోపం లేదన్నాడు. ఇప్పుడు పిల్లలకి ఆట నేర్పుతున్నాడట" అనేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "చదివి వినిపించు బాబూ" అన్నారు. ఇంట్లో ఉంది, తెస్తానన్నాను. ఆ తర్వాత ఆయన మూడు వారాలు బతికారు. నేను వెళ్ళలేదు.

మూడోరోజు ఆయన పేరున చేసే ఫాతెహా ప్రార్థనకి వాళ్ళింటికి వెళ్ళాను. అందరూ వెళ్ళాక వాళ్ళమ్మాయి దగ్గరికొచ్చింది. "ఆ కీపరు క్షమించాడంట అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు అన్నయ్యా. ఆ ఉత్తరం మాకివ్వండి, ఫ్రేము కట్టించి పెట్టుకుంటాం. కాగితం ఎంతుంటది?" అంది. టైలరుగారి కూతురు, కొలత అడిగింది. నేను రెండు చేతులూ ఎత్తి ఇంత పొడుగు, ఇంత వెడల్పు అని చూపించాను.

అమ్మా, నువ్వు చదువుతావనే ఇది రాస్తున్నాను. అలాంటి ఉత్తరం రాలేదు. మీ నాన్న రాయించినవేవీ బెజవాడ దాటలేదు. ఆయన ఎవరి పొట్టా కొట్టలేదు. ఆ మాట ఆయన బతికుండగా చెప్పాల్సినవాణ్ణి నేను.

ఎదురుగా నిలబడి చెబుదామని మొన్న మీ గుమ్మం దాకా వచ్చాను. కిటికీ తెరిచి ఉంది. గోడ మీద కొత్త ఫ్రేము అప్పుడే తగిలించి ఉంది. ఉత్తరం వచ్చేదాకా అద్దం వెనక ఒక తెల్ల కాగితం పెట్టారు, సరిగ్గా నేను చూపించిన కొలతకు కత్తిరించి.