మా మేనత్త ఫెయిల్ కాలేదు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఓ పదమూడు పద్నాలుగేళ్ళ కిందట, ఉద్యోగం పోయినవాడు మొట్టమొదట చేసే పని ఫోటో తీయించుకోవడం. మా నాన్నల తరం వాళ్ళు తెలిసినవాళ్ళ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. మేం ఇంటర్నెట్‌లో నిలబడ్డాం. కోట్లు వేసుకున్న ఉద్యోగార్థులంతా ఒకచోట చేరి ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకునే సైటు ఒకటుంది కదా, అందులో. నేనెంత గొప్పవాడినో అక్కడ నేనే స్వయంగా, సవివరంగా రాసుకున్నాను. రాయని సంగతి ఒక్కటుంది. మలేషియాలో, సుంగై సిపుట్ అనే ఊళ్ళో ఉండే మా మేనత్త తెలుగు పరీక్షలో ఫెయిల్ అయిందని మా చుట్టాలందరికీ తెలుసు. ఆవిడ ఫెయిల్ కాలేదు. ఆ మాట పుట్టించింది నేను.

అప్పుడు నాకు ముప్ఫై. క్లాంగ్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్ గుమాస్తాగా చేసేవాణ్ణి. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. కొన్నవాళ్ళకి గోడౌన్ నచ్చింది గాని నేను నచ్చలేదు. ఇంటికొచ్చి, మా బావ పెళ్ళికి కుట్టించుకున్న కోటు అడిగి తెచ్చుకుని (అది నాకు రెండు సైజులు పెద్దది, వీపు వైపు మా అమ్మ బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగించింది) ఫోటో దిగి, ప్రొఫైల్ మొదలుపెట్టాను. అట్టపెట్టెలు లెక్కపెట్టడాన్ని 'సరఫరా వ్యవస్థ విశ్లేషణ' అన్నాను. ఫోర్క్‌లిఫ్ట్ తాళంచెవి నా జేబులో ఉండేది కాబట్టి 'సంస్థ ఆస్తుల భద్రత' అన్నాను. నాకున్న నైపుణ్యాలను ఇతరులు ధ్రువీకరించాలని ఆ సైటు నియమం. మా పిన్ని కొడుకు 'నాయకత్వం' ధ్రువీకరించాడు. నేను వాడికి నాయకత్వం వహించింది ఒక్కసారే, పెళ్ళిభోజనాల దగ్గర, రెండో పంక్తిలోంచి మొదటి పంక్తిలోకి.

ఎనిమిది నెలలు గడిచాయి. నా అనుభవం చూసి ముగ్ధులమయ్యామంటూ పదకొండు మంది రాశారు. పదకొండు మందీ ఇన్సూరెన్స్ ఏజెంట్లే. మా మేడమీద గదిలో గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు ఒకతను అద్దెకుండేవాడు, సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకరోజు అతను నా ప్రొఫైల్ చూసి పెదవి విరిచాడు.

"అన్నా, భాషల దగ్గర మలయ్, ఇంగ్లీషు, తమిళం పెట్టి ఆపేశారేంటి? తెలుగు ఏమైంది?"

"నాకు చదవడం రాదు తమ్ముడూ."

"చదవమని ఎవరడుగుతారన్నా? పెట్టండి, పడి ఉంటుంది."

భాష ఏ స్థాయిలో వచ్చో చెప్పమని ఆ సైటు అడుగుతుంది. అన్నిటికన్నా పైన 'మాతృభాష' అని ఉంది. తాతల నాడే ఆంధ్రా నుంచి మలేషియా వచ్చేసిన కుటుంబం మాది, అయినా మా అమ్మ మాట్లాడేది అదే కనుక నిస్సంకోచంగా అదే నొక్కాను. నిజానికి అక్షరాలు నేర్చుకునే అవకాశం నాకు లేకపోలేదు. మా మేనత్త ఆదివారాలు గుడి హాల్లో పిల్లలకి ఉచితంగా తెలుగు చెప్పేది. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడల్లా నన్నూ కూర్చోబెట్టేది. కిటికీలోంచి ఫుట్‌బాల్ మైదానం కనిపించేది. నా చదువు 'ఋ' దగ్గర ఆగిపోయింది.

మూడోరోజున ఫోన్ వచ్చింది. కౌలాలంపూర్ నుంచి ఒక రిక్రూటరమ్మ. ఆంధ్రాలో, తెలంగాణలో ఏదో ఫోన్ యాప్ వాడేవాళ్ళు రాసే ఫిర్యాదులకి సైబర్‌జయలో కూర్చుని జవాబులివ్వాలట. తెలుగువాళ్ళు దొరక్క నెలరోజులుగా ఏడుస్తున్నానని తనే చెప్పింది, మా దేశపు అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలిస్తూ. "మీరు మాతృభాష పెట్టారు కదా, చాలు లా. ఇంట్లో కూర్చుని చిన్న ఆన్‌లైన్ పరీక్ష, గంటన్నర, అంతే." ఎనిమిది నెలల తర్వాత నన్నొకరు బతిమాలుతుంటే, నాకు చదవడం రాదని చెప్పడానికి నోరు రాలేదు. లాప్‌టాప్ తీసుకుని సుంగై సిపుట్ బయలుదేరాను.

అత్తకి అప్పుడు యాభై ఏడు. మావయ్య పోయాక స్కూలు యూనిఫారాలు కుట్టి ఇల్లు గడుపుకుంటోంది. దారిపొడుగునా నేను అనుకున్న మాట ఇదీ: అత్తా, నాకు పరీక్ష ఉంది, సాయం చెయ్యి. తీరా వెళ్ళాక, మిషను మీంచి తలెత్తి "ఏటి ఉద్యోగంరా, ఎవలికి?" అని ఆవిడ అడిగేసరికి, ముప్ఫై ఏళ్ళ మగాడు అత్త చేత పరీక్ష రాయించుకోవడమేమిటని సిగ్గేసింది. ఆ సిగ్గులో "నీకే అత్తా" అనేశాను.

"నాకా?"

"తెలుగు సదివినోల్లు కావాలంట. ఇంట్లో కూకుని సెయ్యొచ్చు."

అత్త మిషను ఆపేసింది. "జీతం సీటీ ఇస్తారా? నా పేరేసి?" అని అడిగింది. ఆవిడ అడిగింది ఎంత జీతమని కాదు. ఇస్తారన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి తలస్నానం చేసి, తెలుగు సంఘం వార్షికోత్సవానికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని, దేవుడికి దీపం పెట్టి, రెండు పెన్సిళ్ళు చెక్కుకుని వచ్చి కూర్చుంది. (పెన్సిలుతో పనిలేదని చెప్పాను. ఉండనీరా, ధైర్నంగుంటాది అంది.) తెర మీద ఒక్కో ఫిర్యాదే వచ్చేది, కింద నాలుగు జవాబులు. అత్త పైకి చదివి, ముందు ఆ ఫిర్యాదు రాసినవాడి మీద జాలిపడి, తర్వాత జవాబు చెప్పేది. నేను నొక్కేవాణ్ణి. "పాపం, ఈ మనిసి మూడుపాలి రాసినాడంటరా. ఎవలూ పలకనేదు. ఇదేటి పద్ధతి?" అని కంపెనీని కోప్పడేది. గంటన్నర పరీక్ష గంటలో ముగించింది.

నాలుగోరోజున ఫలితం వచ్చింది. నూటికి తొంభై ఆరు, నా పేరు మీద. ఇక మిగిలింది ఫోన్లో మాటల పరీక్ష. హైదరాబాదు నుంచి ఒకావిడ మాట్లాడింది. మాట్లాడటం నాకు బాగానే వచ్చు కదా. రెండు నిమిషాలు విని, "మీరు శ్రీకాకుళం వారాండీ?" అంది. "క్లాంగండీ" అన్నాను. అదెక్కడో శ్రీకాకుళం పక్కనే అనుకున్నట్టుంది, పాసైపోయాను.

అత్త రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. "కాయితం వొచ్చినాదేటిరా?" ఉద్యోగం రద్దయిందని చెప్పొచ్చు. వేరెవరికో ఇచ్చారని చెప్పొచ్చు. ఇలాంటి సమయాల్లో పనికొచ్చే అబద్ధాలు ఎన్నో ఉండగా, ఇంకెప్పుడూ అడగకుండా ఉంటుందని నేను ఎంచుకున్నది ఇదీ: "ఫెయిల్ అత్తా."

అవతల మిషను చప్పుడు ఆగింది. "సరేలేరా. ఆళ్ళకి ఎక్కువ సదూకున్నోల్లు కావాలేటో" అని ఫోన్ పెట్టేసింది.

ఆ ఆదివారం ఆవిడ గుడి హాలుకి వెళ్ళి తన ఏడుగురు పిల్లలతో "మీ టీచరు ఫెయిలయిపోనాదర్రా. సరిగ్గా వొచ్చినోల్ల కాడ నేర్సుకోండి" అని చెప్పి, పలకలు బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చేసిందట. ఆ తాలూకాలో సరిగ్గా వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ సంగతి మా అమ్మ చెబుతున్నప్పుడు నేను కొత్త ఉద్యోగం గురించి ఆ సైట్లో ప్రకటన రాసుకుంటున్నాను. 'నా కృషికి దక్కిన ఈ గుర్తింపును వినమ్రంగా స్వీకరిస్తున్నాను' అని ముగించాను. అభినందనలు వెల్లువెత్తాయి.

ఉద్యోగంలో మొదటిరోజు ఫిర్యాదులు తెర నిండా దిగాయి. ఆ అక్షరాలన్నీ నన్ను గుర్తుపట్టినట్టే చూశాయి. నాకు మాత్రం 'ఋ' దాకా ఉన్నవారితోనే పరిచయం. సిద్ధంగా ఉంచిన జవాబుల్లో అన్నిటికన్నా పైనున్నది 'మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించండి'. (పక్క సీటు అమ్మాయి చదివి చెప్పింది.) అందరికీ అదే పంపాను. డబ్బు పోయిందన్నవాడికీ, యాప్ తెరుచుకోలేదన్నవాడికీ, మీ సేవలు చాలా బాగున్నాయి ధన్యవాదాలు అని రాసిన పెద్దమనిషికీ అదే. వారంలో నాలుగొందల మంది ముక్కూ మొహం తెలియనివాళ్ళని మన్నించమన్నాను. అడగాల్సిన ఒక్క మనిషిని అడగలేదు.

తొమ్మిదోరోజున పట్టుబడ్డాను. నన్ను తీసేస్తే ఏరికోరి మాతృభాషవాణ్ణి పట్టుకొచ్చిన రిక్రూటరమ్మ మాటపడుతుంది, ఆవిడని మెచ్చుకున్న మేనేజరు మాటపడతాడు. అందుకని ఎవరి పరువూ పోకుండా, 'బహుభాషా నైపుణ్యం దృష్ట్యా' నన్ను మలయ్ విభాగానికి మార్చారు. ఆ మార్పు గురించి కూడా ఒక ప్రకటన రాసుకున్నాను. అక్కడ మాత్రం పని నిజంగానే చేశాను. మెల్లగా పైకి వచ్చాను. గుంటూరు తమ్ముడు బాలశిక్ష తెచ్చిపెడితే భోజనాల వేళ కూర్చుని అక్షరాలూ నేర్చుకున్నాను. ఇప్పుడు ఉద్యోగాలిచ్చే కుర్చీలో కూర్చుంటున్నాను. జీవితంలో ఎలా ఎదిగానో ఆ సైట్లో అప్పుడప్పుడు పాఠాలు కూడా రాస్తుంటాను. క్రమశిక్షణ, పట్టుదల, వేకువనే లేవడం. అత్త పేరు ఎక్కడా రాయలేదు.

ఈమధ్య సంఘం వాళ్ళు పాత తెలుగు టీచర్లకి శాలువాలు కప్పాలనుకున్నారు. అత్త ఒప్పుకోలేదు. "ఫెయిలయినోల్లకి శాలువా ఏటి" అందట. అమ్మ ఆ మాట నవ్వుతూ చెప్పింది. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి సుంగై సిపుట్ వెళ్ళాను.

అత్తకి డెబ్బై దాటాయి. ఇప్పటికీ అదే మిషను. "అత్తా, ఆ పరీక్షలో నువ్వు ఫెయిలవలేదు. నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఆ మార్కులతో ఉద్యోగం నేను తీసుకున్నాను. తప్పయిపోయింది" అన్నాను. ఆవిడ కుడుతున్న అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపింది.

"కాయితం ఉన్నాదా?"

పాత మెయిల్ వెతికి ప్రింటు తీసుకెళ్ళాను. ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది.

"ఇందల నీ పేరున్నాది."

"అవునత్తా."

"మార్కులు నాయి."

"నీవే."

"నీకు సిగ్గునేదని నాకు సిన్నప్పుడే తెలుసురా. నాకు సదువు రాదేటోనని కదా ఇన్నేళ్ళు బయిపడినాను." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు సెప్తే అయిపోద్దా? ఆ ఏడుగురికీ నేను నోటితో సెప్పినాను ఫెయిలని. నువ్వు ఆళ్ళకి సెప్పు. ఇక్కడే కూకుని సెప్పు, నేను ఇనాల."

ఆ పిల్లలంతా ఇప్పుడు ముప్ఫైలకి దగ్గర పడుతున్నవాళ్ళు. అత్త పేర్లు చెబుతుంటే వెతకడం కష్టమేమీ కాలేదు. ఏడుగురూ ఆ సైట్లోనే ఉన్నారు, కోట్లు వేసుకుని. అత్త ఎదురుగా, స్పీకరు పెట్టి, ఒక్కొక్కళ్ళకే ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఏడ్చింది. ఒకతను మీటింగులో ఉన్నాను అంకుల్ అన్నాడు. తర్వాత చేస్తానందాం అనుకునేలోపు, "మీటింగోల్లు కూడా ఇంటారు, సెప్పు" అంది అత్త. చెప్పాను. ఆరోవాడు జొహోర్ నుంచి. ఓపిగ్గా అంతా విని, "పర్లేదు లా అంకుల్. మీ కంపెనీలో వేకెన్సీ ఉందా? నా ప్రొఫైల్లో తెలుగు మాతృభాష అనే పెట్టినాను" అన్నాడు.

అత్త ఫోన్ లాక్కుంది. "ఒరే, నా కాడ ఎందాకా సదివినావు నువ్వు?"

"గుణింతాలు టీచర్."

"అయితే ఆ మాట తీసెయ్యి. ఆదివారం ఈడియోలో కనపడు. మిగతాది నేను సెప్తాను."

ఫోన్ నా చేతిలో పెట్టి, ఇంకొకరు మిగిలిపోయారని వేలు చూపించింది. చేశాను. పీనాంగ్‌లో ఉండే అమ్మాయి. "నేను మీ తెలుగు టీచరు గారి మేనల్లుణ్ణమ్మా. ఆవిడ ఫెయిల్ కాలేదు. అబద్ధం చెప్పింది నేను. తప్పయిపోయింది" అన్నాను. ఏడోసారి కదా, ఈసారి ఎక్కడా తడబడలేదు.