“నాకే” అన్నాడు పాల్‌రాజ్

మద్రాసు దగ్గరి మింజూరు బజారులో పాల్‌రాజ్‌కు టూవీలర్ మెకానిక్ షాపు ఉంది. ముప్పయ్యెనిమిదేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే అక్క పొన్నమ్మే పెంచింది. ఆమె తెచ్చిన సంబంధాలు ఒక్కొక్కటే తప్పిపోయాక అతను ఆ సంగతే మరిచిపోయాడు.

ఒక వానాకాలం సాయంత్రం ఏంజెలిన్ ఆగిపోయిన స్కూటీని తోసుకుంటూ వచ్చింది. పొన్నేరిలో అద్దె గదిలో ఉంటూ గుమ్మిడిపూండి వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్లేది. పెళ్లయిన మూడేళ్లకు విడాకులు తీసుకున్న మనిషి. ఆ నెలలో ఆమె నాలుగుసార్లు షాపుకు వచ్చింది. నాలుగోసారి బండికి ఏ రోగమూ లేదని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ పళవేర్కాడు వెళ్లి పులికాట్ సరస్సు ఒడ్డున కూర్చునేవారు. ఆరు నెలలకు పాల్‌రాజ్ పెళ్లి మాట ఎత్తాడు. ఆమె వద్దంది. ఫోన్ తీయడం కూడా మానేసింది. పదిహేను రోజుల తర్వాత తానే పొన్నేరి స్టేషన్‌కు రమ్మంది.

ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చుని, పట్టాల వైపు చూస్తూ చెప్పింది. మొదటి భర్త వల్ల తనకు జననాంగాల దగ్గర హెర్పిస్ సోకింది. పూర్తిగా పోయేది కాదు. ఏడాదిలో రెండు మూడుసార్లు బొబ్బలు లేచి మంట పెడతాయి, మాత్రలు వేసుకుంటే తగ్గుతాయి.

“ఇది చెప్పకుండా నిన్ను చేసుకోలేను. చెప్తే నువ్వు పోతావని భయం. అందుకే ఫోన్ తీయలే.”

పాల్‌రాజ్ నిజంగానే భయపడ్డాడు. ఒక రైలు వచ్చి, ఆగి, వెళ్లిపోయాక అడిగాడు.

“మనం ఒకే గ్లాసులో టీ తాగినాం కదా. దాంట్లో ఏమన్నా...?”

ఏడుస్తున్న ఏంజెలిన్‌కు నవ్వొచ్చింది. “టీలో రాదు మామా.”

“నాకేమీ తెలీదు. తెలిసినోళ్లని అడుగుదాం. నేను యాడికీ పోను.”

ఇద్దరూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. పుండ్లు ఉన్నప్పుడు, లేవబోతూ చురుకు పుట్టినప్పుడు కలవకూడదని ఆమె చెప్పింది. మిగతా రోజుల్లో కండోమ్ వాడాలి, అయినా సోకే అవకాశం కొంత ఉంటుంది. రోజూ మాత్ర వేసుకుంటే అది ఇంకా తగ్గుతుంది. గర్భం వస్తే మొదట్లోనే డాక్టరుకు చెప్పాలి, అప్పుడు బిడ్డకు సోకకుండా జాగ్రత్త పడొచ్చు. పాల్‌రాజ్ ఇదంతా స్పేర్ పార్టుల చీటీ వెనక తమిళంలో రాసుకున్నాడు.

ఏంజెలిన్ ఆ మాత్రలు ఊళ్లో కొనేది కాదు. ఎవరి కంటా పడకూడదని రైలెక్కి మద్రాసు వెళ్లేది. ఒకసారి బొబ్బలతో పాటు జ్వరం కూడా వచ్చి లేవలేకపోయింది. మాత్రలు అయిపోయాయి. పాల్‌రాజ్ ఆమె పేరున్న డాక్టరమ్మ చీటీ జేబులోనే ఉంచుకుని, మాత్రల ఖాళీ అట్ట పట్టుకుని తన షాపు పక్కనే ఉన్న ఆరుముగం మెడికల్‌కు వెళ్లాడు.

“ఎవరికి పాల్‌రాజ్ ఇది?” అన్నాడు ఆరుముగం.

అంగట్లో ఇంకో ఇద్దరున్నారు. పాల్‌రాజ్ ఎవరితో తిరుగుతున్నాడో వాళ్లందరికీ తెలుసు.

“నాకే” అన్నాడు.

రెండు రోజుల్లో ఆ మాట ఆరుముగం భార్య నోట పొన్నమ్మ చెవిన పడింది. ఆమె తమ్ముడి కంచం వేరు పెట్టింది, తువ్వాలు వేరు చేసింది, అన్నం వడ్డిస్తూ కళ్లు తుడుచుకుంది. పాల్‌రాజ్ ఒక్క మాటా చెప్పకుండా మూడు వారాలు తలొంచుకుని తిన్నాడు.

పొన్నమ్మ మనసు ఊరుకోలేదు. ఒకరోజు బస్సెక్కి పొన్నేరి వెళ్లి ఏంజెలిన్ గది తలుపు తట్టింది.

“నువ్వు మంచి పిల్లవమ్మా. నా తమ్ముడే అయినా చెప్పాల. వానికి పాడు జబ్బు ఉండాది. వాణ్ణి చేసుకోవద్దు.”

తన మాత్రలను పాల్‌రాజ్ తనకేనని చెప్పి కొన్నాడని ఏంజెలిన్‌కు అర్థమైంది. తనను ఎవరూ ఏమీ అడగలేదు, ఊరుకుంటే సరిపోయేది. ఆమె పొన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

“అక్కా, జబ్బు ఆయనకు కాదు. నాకు.”

మొత్తం చెప్పింది. పొన్నమ్మ అంతా విని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఇక అంతేనని ఏంజెలిన్ అనుకుంది.

పొన్నమ్మ నేరుగా షాపుకు పోయి, కస్టమర్లు చూస్తుండగానే తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది.

“ఇన్నాళ్లూ నన్నెందుకురా ఏడిపించినావు?”

“ఆమె చెప్పుకోవాల్సిన మాట అక్కా అది. నేనెట్లా చెప్తాను?”

పొన్నమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుని కాసేపు రొప్పింది. తర్వాత గొంతు తగ్గించి, “పుట్టబోయే బిడ్డలకు ఏం కాదు కదా?” అని అడిగింది. పాల్‌రాజ్ జేబులోంచి నలిగిన స్పేర్ పార్టుల చీటీ తీసి, డాక్టరమ్మ చెప్పింది చదివి వినిపించాడు.

మే నెలలో మింజూరు చర్చిలోనే పెళ్లయింది. ఇప్పటికి రెండేళ్లు. పాల్‌రాజ్‌కు జబ్బు సోకిన గుర్తులేమీ ఇంతవరకు లేవు. సోకవచ్చని ఇద్దరికీ తెలుసు. ఏంజెలిన్‌కు ఒంట్లో బాగాలేని రోజుల్లో వంట అతనిదే. రసంలో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. పొన్నమ్మ నోట్లో వేసుకుని తిడుతుంది. ఏంజెలిన్ మాత్రం ఇంకో గరిటె వేసుకుంటుంది.